దేవుని ఎదుట తగ్గడమంటే నోరు మూసుకోవడమేనా? యోబు గ్రంథం ఏం చెబుతోంది

సంక్షిప్తంగా: మనిషి అల్పుడన్న మాట బైబిల్లో చాలాచోట్ల ఉంది. అయితే ఆ మాట ఎవరు అన్నారు, ఎవరి గురించి అన్నారు, ఏ సందర్భంలో అన్నారు అన్నదాన్ని బట్టి దాని బరువు మారుతుంది. యోబు గ్రంథంలో మనిషిని పురుగుతో పోల్చిన పక్షాన్ని దేవుడు తప్పుపట్టాడు. తనతో వాదించిన యోబును ముందు మందలించి, తర్వాత సమర్థించాడు. ఈ తేడా వల్లే దీనత్వం గురించిన బోధ ఒకచోట ఓదార్పుగా, మరోచోట నిందగా మారుతుంది.

తెలుగు క్రైస్తవ కుటుంబాల భూస్థాపన కూడికలకు వెళ్లినవారికి యోబు గ్రంథంలోని ఒక వచనం కంఠతా వచ్చే ఉంటుంది. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగునుగాక." మొదటి అధ్యాయం 21వ వచనం అది. ఆస్తి, పనివాళ్లు, పదిమంది పిల్లలు ఒకే రోజు పోయాక యోబు అన్న మాట. గ్రంథం అక్కడితో ముగిసి ఉంటే చిక్కేమీ లేదు. కానీ మొత్తం 42 అధ్యాయాలున్నాయి. మూడో అధ్యాయం మొదలవుతూనే అదే యోబు తాను పుట్టిన రోజును శపిస్తాడు. అక్కడి నుంచి 31వ అధ్యాయం దాకా స్నేహితులతో గొడవపడుతూ, మధ్యమధ్యలో దేవుణ్ణే నిలదీస్తూ ఉంటాడు. ప్రసంగాల్లో ఈ భాగం మొదటి అధ్యాయమంత వినిపించదు.

అందుకే చాలామంది విశ్వాసులకు ఒక సందేహం మిగిలిపోతుంది. దేవుడు అంత గొప్పవాడు, మనిషి ఇంత చిన్నవాడు అయినప్పుడు "ఎందుకిలా చేశావు?" అని అడగడం గర్వమవుతుందా? కష్టంలో కన్నీళ్లతో ప్రశ్నించినవారికి "దేవుణ్ణి ప్రశ్నించకూడదు" అని చెప్పడం వాక్యానుసారమేనా? దీనికి యోబు గ్రంథమే సూటిగా జవాబు చెబుతుంది. ఆ జవాబు చాలామంది ఊహించేది కాదు.

ఆమేన్ అనిపించే మాటలే, కానీ

యోబును చూడటానికి వచ్చిన స్నేహితులు ముగ్గురు: ఎలీఫజు, బిల్దదు, జోఫరు. చెడ్డవాళ్లేమీ కాదు. దూరం నుంచి వచ్చారు, ఏడ్చారు, బట్టలు చింపుకున్నారు, ఏడు రాత్రింబగళ్లు అతని పక్కన నేలమీద కూర్చున్నారు. నోరు విప్పాకే చిక్కు మొదలైంది.

ఎలీఫజు తనకు రాత్రివేళ వచ్చిన ఒక దర్శనం గురించి చెబుతాడు. ఒంటి మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయట. దేవుని ముందు మర్త్యుడు నీతిమంతుడు కాగలడా, దూతల్లోనే ఆయన తప్పులు పట్టుకుంటాడే, మట్టి ఇళ్లలో ఉండి చిమ్మట నలిగినట్టు నలిగిపోయే మనిషి ఎంత అని అడుగుతాడు (4వ అధ్యాయం). 15వ అధ్యాయంలో ఇంకో మెట్టు ఎక్కి, మనిషి పాపాన్ని నీళ్లు తాగినట్టు తాగుతాడంటాడు. బిల్దదు చివరి ప్రసంగం 25వ అధ్యాయం. ఆరంటే ఆరు వచనాలు. ఆయన దృష్టికి చంద్రుడే కాంతి లేనివాడు, నక్షత్రాలే పవిత్రం కావు, ఇక పురుగులాంటి మనిషి సంగతేంటి అన్నది దాని సారం.

వీటిని విడిగా చదివితే ఏ సంఘంలోనైనా ఆమేన్ అంటారు. స్తుతి కీర్తనలా ఉంటాయి. వాదనలో వాటిని ఎక్కడ వాడారో చూస్తేనే అసలు విషయం బయటపడుతుంది. దేవుడు మహోన్నతుడు. మహోన్నతుడు గనుక ఆయన చేసేదంతా న్యాయం. న్యాయం గనుక కష్టం అంటే శిక్ష. యోబు కష్టంలో ఉన్నాడు. కాబట్టి యోబు పాపి. మొదటి మెట్టు ఆరాధన, చివరి మెట్టు ఆరోపణ. దేవుని మహిమను ఎంత ఎత్తుకు పెడితే ఎదుటివాడి నోరు అంత గట్టిగా మూతపడుతుంది.

22వ అధ్యాయానికి వచ్చేసరికి ఎలీఫజు ఏకంగా ఛార్జిషీటే రాసేస్తాడు. దప్పికతో ఉన్నవాడికి నీళ్లివ్వలేదు, విధవరాళ్లను వట్టి చేతులతో పంపేశావు, బీదల వస్త్రాలు లాక్కున్నావు అని. ఒక్కదానికీ సాక్ష్యం లేదు. యోబు యథార్థవంతుడని మొదటి వచనంలోనే చదువుకున్న పాఠకుడికి ఇవి కట్టుకథలని తెలుసు. యోబు యథార్థవంతుడన్న మాట దేవుని నోట రెండుసార్లు వచ్చింది కూడా (1:8, 2:3). సిద్ధాంతం నిలబడాలంటే మనిషి తప్పు చేసి ఉండాలి, తప్పు దొరక్కపోతే కల్పించాలి. దేవుని పక్షాన నిలబడుతున్నామనుకుని అబద్ధమాడతారా అని 13వ అధ్యాయంలో యోబు వాళ్లను అడిగింది ఇందుకే.

అల్పుణ్ణయితే నన్ను వదిలెయ్యి

యోబు కూడా తాను చిన్నవాణ్ణన్న మాట కాదనడు. దాన్ని మరోవైపు తిప్పుతాడు. ఎనిమిదో కీర్తనలో ఒక ప్రసిద్ధమైన ఆశ్చర్యం ఉంది. "నీవు మనుష్యుని జ్ఞాపకము చేసికొనుటకు వాడేపాటివాడు?" ఆకాశాన్ని, చంద్రుణ్ణి, నక్షత్రాలను చూసి కీర్తనకారుడు మురిసిపోతూ అన్న మాట. ఇంత చిన్న మనిషికి అంత పెద్ద దేవుడు కిరీటం పెట్టాడే అన్నది అక్కడి భావం.

యోబు గ్రంథం ఏడో అధ్యాయంలో దాదాపు ఇదే ప్రశ్న వస్తుంది, కానీ భావం పూర్తిగా తలకిందులు. మనిషి ఏపాటివాడని ప్రతి ఉదయం వాణ్ణి దర్శిస్తావు, ప్రతి క్షణం పరీక్షిస్తావు? నా ఉమ్మి మింగేంత సేపైనా నన్ను వదలవా? కీర్తనకారుడికి దేవుని చూపు వరం, యోబుకు అదే నిఘా. రెండూ ఒకే పరిశుద్ధ గ్రంథంలో పక్కపక్క పుస్తకాల్లో ఉన్నాయి. కూర్చినవారు రెండోదాన్ని తీసేయలేదు.

ఇలా అడిగినవాడు యోబు ఒక్కడే కాదు. ఆదికాండము 18వ అధ్యాయంలో అబ్రాహాము తనను తాను ధూళి, బూడిద అని చెప్పుకుంటాడు. ఆ మాట అంటూనే సొదొమ పట్టణాన్ని నాశనం చేయొద్దని బేరానికి దిగి, యాభైమంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి పదిమంది దాకా తగ్గిస్తాడు. దీనత్వమూ బేరమూ ఒకే వాక్యంలో ఉన్నాయక్కడ. దేవుడు ఒక్కసారి కూడా కోప్పడలేదు. మండుతున్న పొద దగ్గర మోషే భయంతో ముఖం కప్పుకున్నాడు, ఆ వెంటనే అభ్యంతరాలు మొదలుపెట్టాడు. ఒక్కోదానికీ జవాబు వచ్చింది. దేవునికి కోపం వచ్చింది చివర్లో, "ఇంకెవరినైనా పంపు" అన్నప్పుడు (నిర్గమకాండము 4:13, 14). ప్రశ్నలను సహించిన దేవుడు పని తప్పించుకోవడాన్ని సహించలేదని ఈ కథనం క్రమమే చెబుతోంది.

యోబు హద్దు దాటలేదని కాదు. తొమ్మిదో అధ్యాయంలో నిర్దోషులనూ దుష్టులనూ దేవుడు ఒకే తీరుగా నాశనం చేస్తాడంటాడు. 31వ అధ్యాయంలో, నా ప్రత్యర్థి ఫిర్యాదు రాసిస్తే దాన్ని కిరీటంలా పెట్టుకుని రాజులా ఆయన దగ్గరికి వెళ్తానంటాడు. ఇవి మామూలు మాటలు కావు.

సుడిగాలిలోంచి వచ్చిన ప్రశ్నలు

నలుగురూ ఆగిపోయాక ఎలీహు అనే యువకుడు ఆరు అధ్యాయాలు మాట్లాడతాడు. సర్వశక్తుడు మనకు అందనివాడన్నది అతని చివరి మాటల్లో ఒకటి (37:23). తర్వాతి అధ్యాయం మొదటి వచనంలో ఆ అందనివాడే సుడిగాలిలోంచి మాట్లాడటం మొదలుపెడతాడు. రచయితకు హాస్యం తెలుసు.

38 నుంచి 41 దాకా నాలుగు అధ్యాయాలు దేవుని ప్రసంగమే. ఉన్నవాటికంటే ముందు లేనివి చూడాలి. యోబు పాపాల జాబితా లేదు. కష్టానికి కారణం లేదు. మొదటి అధ్యాయంలో పరలోకంలో అపవాదితో, అంటే సాతానుతో, జరిగిన సంభాషణ ప్రస్తావన లేదు. యోబుకు ఆ సంగతి గ్రంథం ముగిసేదాకా తెలియదు.

ఉన్నవేమిటంటే ప్రశ్నలు. "నేను భూమికి పునాదులు వేసినప్పుడు నీవెక్కడ నుంటివి?" సముద్రానికి తలుపులు పెట్టిందెవరు? మంచు నిధుల్లోకి వెళ్లావా? మనుషులెవరూ లేని ఎడారిలో వాన ఎవరు కురిపిస్తారు? ఈ చివరి ప్రశ్న దగ్గర ఆగాలి. పంట కోసమో పశువుల కోసమో కాదు, ఎవరికీ పనికిరాని చోట పడే వాన అది. తర్వాత వచ్చే జంతువులూ అలాంటివే. సింహం, కాకి, ఈనే కాలం ఎవరికీ తెలియని కొండమేక, పట్టణపు రొద విని నవ్వుకునే అడవిగాడిద, నాగలికి కట్టినా దున్నని అడవి ఎద్దు, గుడ్లను నేలమీద వదిలేసే నిప్పుకోడి. మనిషికి పనికొచ్చేది యుద్ధపు గుర్రం ఒక్కటే. రెండో ప్రసంగంలో నీటిగుర్రం, మకరం వస్తాయి. మకరాన్ని గాలంతో లాగగలవా, ఆడపిల్లలు ఆడుకోవడానికి కట్టేయగలవా అని దేవుడు అడుగుతాడు.

ఎనిమిదో కీర్తన ప్రకారం గొర్రెలు, ఎడ్లు, అడవి మృగాలు, ఆకాశపక్షులు, చేపలు అన్నీ మనిషి పాదాల కింద ఉన్నాయి. ఇక్కడ ఒక్కటీ అలా లేదు. మనిషి సృష్టికి నడిమధ్య నుంచి అంచుకు జరిగాడు. యోబుకు తెలిసిన లోకం తన ఇల్లు, తన పొలం, తన పిల్లలు, తన నీతి. అది కూలితే సృష్టి క్రమమే కూలినట్టు అనిపించింది. దేవుడు చూపించిన లోకం దానికంటే చాలా పెద్దది.

గమనించాల్సిందేమిటంటే, ఈ నాలుగు అధ్యాయాల్లో దేవుడు మనిషిని పురుగు అనలేదు, అపవిత్రుడనీ అనలేదు. ఇంత తెలియదు, ఇంత చేయలేవు అన్నాడు. బిల్దదు చెప్పింది మనిషి విలువ తక్కువని. దేవుడు చెప్పింది మనిషి జ్ఞానం తక్కువని. పైకి ఒకేలా వినిపించే ఈ రెండింటి ఫలితం వేరు. విలువ లేదన్నప్పుడు మాట్లాడే హక్కు పోతుంది. జ్ఞానం చాలదన్నప్పుడు నేర్చుకోవడానికి చోటు మిగులుతుంది. పైగా దేవుడు యోబుతో అన్న మొదటి మాటల్లో ఒకటి నడుము బిగించుకోమని. పోటీకి నిలబడేవాడికి చెప్పే మాట అది, సాగిలపడేవాడికి చెప్పేది కాదు. 40వ అధ్యాయంలో దాన్నే మళ్లీ అంటాడు.

అదే అధ్యాయంలో యోబు నోటి మీద చెయ్యి పెట్టుకుని, ఇక పలకనంటాడు. అతని నోరు మూయించడమే దేవుని ఉద్దేశమైతే ప్రసంగం అక్కడ ఆగిపోవాలి. ఆగలేదు. ఆ మౌనం సరిపోలేదన్నట్టు ఇంకా దాదాపు రెండు అధ్యాయాలు నడిచింది. దాని తర్వాత వచ్చిన జవాబు వేరు: ఇంతకాలం నిన్ను గురించి చెవులతో విన్నాను, ఇప్పుడు కళ్లారా చూశాను అంటాడు. తర్వాతి వచనంలో ధూళిలో, బూడిదలో యోబు సరిగ్గా దేన్ని వెనక్కి తీసుకున్నాడన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. చూశానన్న మాట మీద మాత్రం ఎవరికీ పేచీ లేదు.

ఈ ప్రసంగాన్ని ఇష్టపడనివారూ ఉన్నారు. న్యాయం అడిగితే బలం చూపించాడన్నది పాత ఆక్షేపణ. మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1952లో దాన్ని చాలా ఘాటుగా రాశాడు. పిల్లలు ఎందుకు చనిపోయారన్న ప్రశ్నకు నిప్పుకోడి జవాబు కాదన్నది నిజమే. గ్రంథం కూడా దాన్ని జవాబుగా చెప్పుకోదు.

తీర్పు ఎవరి మీద?

42వ అధ్యాయం ఏడో వచనంలో దేవుడు ఎలీఫజు వైపు తిరుగుతాడు. నా సేవకుడైన యోబులా మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదు, నా కోపం నీ మీద, నీ ఇద్దరు స్నేహితుల మీద మండుతోంది అంటాడు. ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్లు తీసుకుని యోబు దగ్గరికే వెళ్లమంటాడు. అతను మీ కోసం ప్రార్థిస్తే అంగీకరిస్తానంటాడు. ఎవరికి దీనత్వం నేర్పడానికి వాళ్లు వచ్చారో, అతని ప్రార్థనే వాళ్లకు ఆధారమైంది.

జ్ఞానం లేని మాటలతో ఆలోచనను చెరిపేస్తున్న వీడెవడని 38వ అధ్యాయంలో మందలించిన యోబునే ఇప్పుడు ఎలా మెచ్చుకున్నాడు? చివరి ఒప్పుకోలును మాత్రమే మెచ్చుకున్నాడని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. మొత్తం పోరాటాన్ని అని మరికొందరు. గ్రంథంలో కనిపించే ఒక వాస్తవం రెండో పక్షానికి బలమిస్తుంది. ముగ్గురు స్నేహితులు దేవుని గురించి అధ్యాయాలకు అధ్యాయాలు మాట్లాడారు, దేవునితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. యోబు కసిగానో, కన్నీళ్లతోనో పదేపదే ఆయన వైపే తిరిగాడు.

పురుగు పోలిక విషయంలోనూ మాట్లాడేది ఎవరన్నదే కీలకం. 22వ కీర్తనలో బాధితుడు తనను తానే నరుణ్ణి కాను, పురుగును అనుకుంటాడు. నిందలు మోస్తున్నవాడి మొర అది. సిలువ మీద యేసు పలికిన "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్నది ఈ కీర్తన మొదటి మాటే. యెషయా 41:14లో దేవుడే పురుగువంటి యాకోబూ అని పిలుస్తాడు, కానీ వెంటనే భయపడవద్దు, నేను సహాయం చేస్తాను అంటాడు. బిల్దదు మాత్రం పక్కవాణ్ణి అంటాడు, సహాయం ఊసు ఎత్తడు. తన గురించి అంటే ప్రార్థన, దేవుడు అంటే వాగ్దానం, పక్కవాడి మీద విసిరితే రాయి.

వంచేది ఎవరిని, లేపేది ఎవరిని

మిగతా గ్రంథాల్లో మహిమ ముందు కూలినవాళ్ల వరుస పెద్దదే. యెషయా, యెహెజ్కేలు, దానియేలు, గలిలయ సముద్రంలో వల నిండాక పేతురు, పత్మసు ద్వీపంలో యోహాను. దాదాపు అందరికీ ఒకే క్రమం: పడిపోవడం, తర్వాత ఒక స్పర్శో మాటో, తర్వాత ఒక పని. యెహెజ్కేలుతో మొదటి మాటే లేచి నిలబడమని. పేతురు నన్ను విడిచి వెళ్లమని బతిమాలితే, మనుషుల్ని పట్టే పని దొరికింది. పడిపోయిన చోటే ఉండిపొమ్మని ఎవరికీ చెప్పలేదు.

రాజుల కథలు వేరు. యెషయా దర్శనానికి తేదీ యూదా రాజైన ఉజ్జియా చనిపోయిన సంవత్సరం, అంటే సుమారు క్రీ.పూ. 740. అది ఊరికే ఇచ్చిన తేదీలా కనిపించదు. 52 ఏళ్లు ఏలిన ఉజ్జియా బలం పెరిగాక ఆలయంలోకి వెళ్లి తానే ధూపం వేయబోయాడు. అజర్యా, మరో 80 మంది యాజకులు అడ్డుపడ్డారు. అతని నుదుట కుష్ఠు పుట్టిందనీ, చనిపోయేదాకా విడిగా బతికాడనీ రెండో దినవృత్తాంతములు 26వ అధ్యాయం చెబుతుంది. అదే ఆలయంలో దర్శనం చూసిన యెషయా "నేను నశించితిని" అన్నాడు. అతని పెదవులకు నిప్పు తగిలింది, పాపం పోయింది, ప్రవక్తగా బయటికి వచ్చాడు. నెబుకద్నెజరు తన బబులోనును చూసి గొప్పలు పోయి, గడ్డి మేశాడు (దానియేలు 4). జనం దేవుడని పొగుడుతుంటే ఊరుకున్న హేరోదు అగ్రిప్ప క్రీ.శ. 44లో చనిపోయాడు. పురుగులు పడి చచ్చాడంటుంది అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం. బలవంతులను వంచి దీనులను లేపుతాడన్నది యేసు తల్లి మరియ పాటలోనూ ఉంది.

పొరుగు దేశాల కథలతో పోలిస్తే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. బబులోను సృష్టి కావ్యంలో మనుషుల్ని చేసింది దేవుళ్ల చాకిరీ మోయడానికి, అదీ ఓడిపోయిన ఒక దేవుడి రక్తంతో. అక్కడ మనిషి పుట్టుకతోనే కూలీ. హెబ్రీ గ్రంథాల్లో మనిషి మట్టి నుంచి వచ్చాడు, కిరీటమూ పొందాడు. రెండింట్లో ఏ ఒక్కటి వదిలినా బొమ్మ వంకర పోతుంది.

సంఘంలో దీని పర్యవసానం

తెలుగు నేల మీద ఈ తేడా మరీ ముఖ్యం. 1876-78 కరువు తర్వాత ఒంగోలు ప్రాంతంలో వేలమంది క్రైస్తవంలోకి వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. మీరు ధూళితో సమానమన్న సంగతి వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు, ఊరు రోజూ చెబుతూనే ఉంది. వాళ్లకు కొత్త వార్త అంటూ ఉంటే అది ఎనిమిదో కీర్తనలోని కిరీటం. ఉజ్జియాకు చెప్పాల్సిన మాట వీళ్లకు చెప్తే, లేఖనం పేరుతో ఊరి మాటే మళ్లీ చెప్పినట్టవుతుంది. కొత్త నిబంధన కూడా దీనత్వాన్ని కళ్లు మూసుకుని మెచ్చుకోదు. అతి వినయం ప్రదర్శిస్తూ ఇతరులకు తీర్పు తీర్చేవారి గురించి కొలొస్సయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం హెచ్చరిస్తుంది.

కష్టం వచ్చిందంటే ఎక్కడో పాపం ఉందన్న ఎలీఫజు లెక్క ఇప్పటికీ నడుస్తోంది. జబ్బు నయం కాకపోతే విశ్వాసం చాలలేదనడం, నష్టం వస్తే కానుకలు ఆపావా అని అడగడం దాని కొత్త రూపాలే. కొత్త నిబంధనలో యోబు పేరు వచ్చేది ఒక్కసారి, యాకోబు పత్రిక 5:11లో. అక్కడ మెచ్చుకున్నది అతని సహనాన్ని. మొదటి రెండు అధ్యాయాల యోబే జనం మనసులో నిలిచిపోవడానికి ఆ వచనమూ ఒక కారణమై ఉంటుంది.

అలాగని స్నేహితుల మాటలన్నీ అబద్ధాలని కొట్టిపారేయడమూ కుదరదు. జ్ఞానులను వాళ్ల తెలివిలోనే దేవుడు పట్టుకుంటాడన్న వాక్యాన్ని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో లేఖనంగా ఉదహరించాడు. అది ఎలీఫజు నోటి మాట (యోబు 5:13). వాక్యం సరైనదే, దాన్ని ప్రయోగించిన మనిషి తప్పు.

కొత్త సంవత్సరం ఆరాధనల్లో పంచే వాగ్దాన కార్డుల మీద తరచూ కనిపించే వచనాల్లో యోబు 8:7 ఒకటి: "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." అది బిల్దదు చెప్పిన మాట. మూడు వచనాలు వెనక్కి వెళితే, పదిమంది పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రితో అతను ఏమన్నాడో కనిపిస్తుంది: నీ పిల్లలు ఆయనకు విరోధంగా పాపం చేశారేమో, అందుకే వాళ్లు చేసినదానికి వాళ్లను అప్పగించాడు. ఆ వచనం ఏ కార్డు మీదా ఉండదు.